పంటినొప్పికి కలిపిన శ్రుతి

ఏలూరు తంగెళ్ళమూడిలో క్లారినెట్టు ముబారక్ ఇల్లెక్కడంటే ఒకప్పుడు రిక్షావాళ్ళు దగ్గరుండి చూపించేవారు. ఇప్పుడు ఆటోవాళ్ళని అడిగితే ఏ ముబారక్ అంటారు. వాళ్ళ తప్పేమీ లేదు లెండి. ఎర్రకోట్లు తొడుక్కున్న మనుషులు పెళ్ళికొడుకు కారు ముందు నడుస్తూ బ్యాండు వాయించేవారని వాళ్ళకి తెలిసే వయసు వచ్చేసరికే ఊరేగింపుల్లోకి డీజే బండ్లు దిగిపోయాయి. ఆ బండి వీధిలోకి వస్తే కిటికీ అద్దాలు వణుకుతాయి, కడుపులో పేగులు వణుకుతాయి. ఇక మనిషి ఊపిరితో ఊదేది ఎవరికి వినబడుతుంది?

ముబారక్ తండ్రి తివాచీలు నేసేవాడు. భార్య ఖైరున్నీసా కూడా మగ్గం మీద పెరిగిన పిల్లే. ముబారక్‌కి మాత్రం మగ్గం ముందు కూచుంటే చాలు, నిద్ర ముంచుకొచ్చేది. మీసాలు రాకముందే మేనమామ వెంట బ్యాండు మేళంలో దూరాడు. ఆ మీసాలు వచ్చి, నల్లబడి, నెరిసేదాకా అదే పని. కొల్లేరు లంకల్లో పడవ మీద వెళ్ళి వాయించాడు, ఆకివీడులో రొయ్యల చెరువుల గట్ల మీద నడిచి వాయించాడు, తణుకులో నడివేసవిలో కోటు గుండీలు విప్పకుండా వాయించాడు. ఎన్ని పెళ్ళిళ్ళో లెక్క అతనికే తెలియదు.

అన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళినవాడు ఒక్క పెళ్ళి కూడా చూడలేదంటే మీరు నమ్ముతారా? నమ్మాలి మరి. బ్యాండు మేళానికి ఒక హద్దుంది. విడిదింటి దగ్గర ఎత్తుకుని, ఊరంతా తిరిగి, పెళ్ళిపందిరి గేటు దాకా తీసుకొచ్చి దింపడం వరకే వీళ్ళ పని. గేటు లోపల సన్నాయి మేళం వాళ్ళ రాజ్యం. మంగళవాద్యం వాళ్ళది. గేటు దగ్గర ఆఖరి పాట ఊదేశాక వీళ్ళ చేతుల్లో టిఫిను పొట్లాలు పెట్టేవారు. బయట డ్రమ్ముల మీదే కూచుని తిని, వేన్‌లో ఓ కునుకు తీసేవారు. లోపలి నుంచి గట్టిమేళం వినబడిందంటే తాళి కట్టేశారని అర్థం. అప్పుడు లేచి బూట్లు తొడుక్కునేవారు.

పెళ్ళయిన కొత్తలో ఖైరున్నీసా ఓ పొద్దున సరదాగా అడిగింది, హిందువుల పెళ్ళిలో పెళ్ళికొడుకు తాళి ఎటు నిలబడి కడతాడండీ, పెళ్ళికూతురు ముందు నుంచా వెనక నుంచా అని. ముబారక్ నోరు తెరిచాడు, మళ్ళీ మూసేశాడు. ఆ రోజు ఆవిడ పడీ పడీ నవ్వింది. అప్పట్నించీ అతను కోటు తొడుక్కుని బయల్దేరినప్పుడల్లా గుమ్మంలో నిలబడి, ‘ఇవాళైనా చూసొస్తారా’ అని వేళాకోళమాడటం అలవాటైంది. సినిమాల్లో చూడలేదా అంటారేమో. ఎందుకు చూడలేదు, బోలెడన్నిసార్లు చూశాడు. కానీ తాను ఊది నడిపించుకొచ్చిన పెళ్ళిలో తాళి కడుతుంటే తన కళ్ళతో చూడటం వేరు కదా. బ్యాండు ఉన్నన్నాళ్ళూ అదొక నవ్వులాట. బ్యాండు పోయాక ఆవిడ అడగడం మానేసింది. అడగడం మానేసినప్పటి నుంచీ ముబారక్‌కి అది లోపల గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

బ్యాండు ఒక్కరోజులో పోలేదు. ముందు పిలుపులు తగ్గాయి. తర్వాత పెద్ద డ్రమ్ము వాయించేవాడు సెక్యూరిటీ గార్డు పనిలో చేరాడు, ట్రంపెట్టు వాయించేవాడు పవర్‌పేటలో పకోడీల బండి పెట్టుకున్నాడు. ముబారక్ ఓ బట్టల షాపులో తివాచీలూ దుప్పట్లూ విప్పి చూపించి మళ్ళీ మడతపెట్టే ఉద్యోగంలో కుదిరాడు. ఏ మగ్గం నుంచి పారిపోయాడో అక్కడికే తిరిగొచ్చి పడ్డట్టయింది. సాయంత్రానికి నడుము విరిగిపోయేది. క్లారినెట్టు బీరువా మీద పెట్టెలోనే ఉండేది. దించి ఊదడానికి ఓపిక ఉండేది కాదు, ఉన్నా ఎవరికోసం ఊదాలో తెలిసేది కాదు.

దాన్ని మళ్ళీ దింపించింది విశ్వాసం అనే ఆయన. ఆకివీడులో ఐసు ఫ్యాక్టరీలో చేసి రిటైరై వట్లూరులో ఇల్లు కట్టుకున్న మనిషి. నెమ్మదస్థుడు, గట్టిగా తుమ్మినా సారీ చెబుతాడు. వాళ్ళ నాన్నగారు ప్రార్థనా మందిరంలో జీవితమంతా ఆర్మోనియం వాయించారు. ఆయన పోయినప్పుడు సమాధుల తోట దాకా నెమ్మదిగా నడుస్తూ క్లారినెట్టు ఊదింది ముబారకే. విశ్వాసం అది మర్చిపోలేదు. ఓ రోజు రైతుబజారులో వంకాయలు ఏరుకుంటూ ఎదురుపడి, నాన్నగారి పెట్టె నా దగ్గరే ఉందండీ, వాయించుకుంటూ ఉంటాను, మీరు క్లారినెట్టు తీసుకుని ఓసారి రండీ అన్నాడు. ముబారక్ మర్యాదకి సరేనన్నాడు. తర్వాతి ఆదివారం సాయంత్రం నిజంగానే వెళ్ళాడు.

మూడోవాడు చలపతిరావు. గుళ్ళో డోలు వాయించేవాడు. గుళ్ళో డోలు కొట్టే మోటారు మిషను కొన్నారు. స్విచ్చి వేస్తే డోలూ గంటా తాళాలూ అన్నీ అదే కొట్టేస్తుంది. అదీ ఒక వాయింపేనా అని చలపతిరావు ధర్మకర్తల మీద ఎగిరాడు. మిషను జీతం అడగదు, కోప్పడదు అన్నారట వాళ్ళు. ఆయనకి ముక్కు మీద కోపం. ముబారక్‌కి ఆయన ఎన్నేళ్ళుగానో తెలుసు. ఒకే పెళ్ళికి ఇద్దరూ వచ్చేవారు, గేటుకి అటు ఆయన, ఇటు ఇతను. మధ్యలో బీడీలు ఇచ్చిపుచ్చుకునేవారు. ఆయన జోడీ సన్నాయి విద్వాంసుడు కాలం చేశాక డోలు కూడా మూలన పడింది. ముబారక్ పిలిస్తే, ‘ఆర్మోనియం పక్కన డోలేమిటండీ, నవ్విపోతారు’ అంటూనే వచ్చాడు.

అలా వట్లూరులో విశ్వాసం ఇంటి వెనక రేకుల షెడ్డులో, పాత ఫ్యానూ గాలి లేని సైకిలూ పక్కన, ఎక్కడా లేని మేళం ఒకటి తయారైంది. సన్నాయి చోట క్లారినెట్టు, శ్రుతిపెట్టె చోట ఆర్మోనియం, డోలు చోట మాత్రం డోలే. పెళ్ళిలో ఏ తంతుకి ఏ కీర్తన వాయించాలో చలపతిరావుకి నోటికి వచ్చు. ఆయన పాడితే ముబారక్ పట్టుకునేవాడు. బ్యాండు అలవాటు పోక మధ్యమధ్య కవాతు నడక దొర్లేది. డోలు కర్రతో మోకాలి మీద ఒకటి వేసేవాడు చలపతిరావు. విశ్వాసం వేళ్ళు ఓసారి తెలియకుండా క్రైస్తవ గీతంలోకి జారిపోయాయి. చలపతిరావు ఏమంటాడోనని ఇద్దరూ బిక్కచచ్చి చూస్తే, ఆయన కళ్ళు మూసుకుని దానికి ఆదితాళం వేస్తున్నాడు.

అంతా బాగానే ఉంది. శ్రుతే కుదరలేదు.

ఆర్మోనియం కన్నా క్లారినెట్టు కొంచెం కిందకి పలికేది. ఎంత కింద అంటే, వింటే పళ్ళు జివ్వుమనేంత. క్లారినెట్టుని కిందకి దించాలంటే గొట్టం అతుకు దగ్గర కాస్త బయటికి లాగితే దిగుతుంది. పైకి ఎక్కించాలంటే లోపలికి నొక్కాలి. నొక్కగలిగినంతా నొక్కేసే ఉంది. ఇంకేం చేస్తాడు? వాయిద్యం పాతదైపోయిందండీ, దీని శ్రుతి ఇంతేనండీ అన్నాడు ముబారక్.

అది అబద్ధం. క్లారినెట్టుకి ఏ రోగమూ లేదు, రోగం ముబారక్ నోట్లో ఉంది. క్లారినెట్టు మూతి మీద ఆనేది పై వరస ముందుపన్ను. అతని ముందుపన్ను చిగురు వాచి కదులుతోంది. గట్టిగా కరిచి పట్టుకుంటే నెత్తి దాకా పోటు. అందుకని పెదవి వదులు చేసి ఊదేవాడు. వదులు చేస్తే స్వరం దిగిపోతుంది. షుగరుంది, ఆ పన్ను తీసెయ్యాలి అని పళ్ళ డాక్టరమ్మ ఇందుజ ఎప్పుడో చెప్పింది. ఖైరున్నీసా రోజూ పోరుతూనే ఉంది. పన్ను తీస్తే క్లారినెట్టు పోతుందని అతని భయం. షెడ్డులో చెబితే, పాపం పెద్దాయన, ఇక విశ్రాంతి తీసుకోండి అంటారని ఇంకో భయం. ఉన్న ఒక్క సాయంత్రం కూడా పోతుందని నోరు మూసుకున్నాడు.

ఇంతలో పెళ్ళి పిలుపొచ్చింది. ఆకివీడు చేపల చెరువుల సూర్యప్రకాశరావు విశ్వాసానికి ఐసు ఫ్యాక్టరీ రోజుల నుంచీ పరిచయం. ఆయన కూతురు అలేఖ్య పెళ్ళి మాఘమాసంలో, తాడేపల్లిగూడెం ఫంక్షన్ హాల్లో, పగటి ముహూర్తానికి. ఆయన తల్లి వెంకటనరసమ్మ వెనక ఓ పెళ్ళిలో డీజే హోరుకి కళ్ళు తిరిగి పడిపోయిందట. ఈ పెళ్ళిలో మనుషులు మాట్లాడుకుంటే వినబడే వాయిద్యం పెట్టకపోతే నేను రానని భీష్మించుకుంది. సన్నాయి మేళాలన్నీ ఆ రోజుకి ఎప్పుడో కుదిరిపోయాయి. అలా ఆ పిలుపు రేకుల షెడ్డు దాకా వచ్చింది.

పందిట్లోనా, గేటు బయటా అని ముబారక్ రెండుసార్లు అడిగాడు. పందిట్లోనేనండీ, పెళ్ళిపీటల పక్కనే అన్నాడు విశ్వాసం. ఆ రాత్రి అన్నం తింటూ ముబారక్ ఆ మాట భార్యకి చెప్పాడు. ఆవిడ చెయ్యి ఆపి చూసింది. అయితే ఈసారి చూస్తారన్నమాట అంది. నవ్వలేదు.

చలపతిరావు మాత్రం ముందే నీళ్ళు చల్లాడు. గట్టిమేళమప్పుడు వాయించేవాళ్ళు తాళి వంక చూడకూడదు, పురోహితుడి చెయ్యి చూడాలి అన్నాడు. ఆ చెయ్యి లేవగానే అందరూ ఒక్కసారిగా అందుకోవాలి. ఏ తుమ్మూ, ఏ అపశకునపు మాటా పెళ్ళికూతురి చెవిన పడకుండా చప్పుడుతో కప్పెయ్యాలి. అందుకే ఆ మేళం. ‘చెయ్యి లేచాక చూసుకోండి సాయిబుగారూ, మీ కళ్ళని ఎవడూ కట్టెయ్యడు’ అని మళ్ళీ ఆయనే మెత్తబడ్డాడు.

శ్రుతి సంగతి విశ్వాసం ఎవరికీ చెప్పకుండా తేల్చేశాడు. తర్వాతి ఆదివారం ఆర్మోనియం మీద సా నొక్కి, ఇప్పుడు ఊదండీ అన్నాడు. ముబారక్ ఊదాడు. రెండూ ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. చలపతిరావు డోలు మీద చెయ్యి అలాగే ఉంచి విన్నాడు. ఏం చేశారండీ అని ముబారక్ అడిగితే విశ్వాసం పక్కనున్న చిన్న ఆకురాయి చూపించాడు. ఆర్మోనియం లోపల స్వరానికో ఇత్తడి రేకు ఉంటుంది. దాని మొదట్లో రవ్వంత గీకితే స్వరం దిగుతుంది. వారం రోజులు కూచుని అన్ని రేకులూ గీకాడట. నాన్నగారి పెట్టె. ఆయన చేత్తో శ్రుతి చేసుకున్న పెట్టె. మీ వాయిద్యం ఎక్కలేదు కాబట్టి మా పెట్టె దిగిందండీ, అంతే కదా అన్నాడు.

ముబారక్‌కి అప్పుడే చెప్పేయాలనిపించింది. నోటి దాకా వచ్చింది. చలపతిరావు డోలు ఎత్తుకున్నాడు. చెప్పలేకపోయాడు.

దాచిన పన్ను ఊరుకుంటుందా? పుష్యమాసం చలిలో ఒక తెల్లవారుజామున చెంప ఇంత లావున వాచి, ఒళ్ళు కాలిపోతూ లేచాడు. ఖైరున్నీసా ఇక అతని మాట వినలేదు. ఆటో ఎక్కించి తీసుకెళ్ళి డాక్టరమ్మ ముందు కూచోబెట్టింది. చీము పక్క పన్నుకి కూడా పాకింది, రెండూ తీసేశారు. పుండు మానాక పెట్టుడుపళ్ళ ముక్క ఒకటి చేసిచ్చారు. రోజూ పెట్టుకోకపోతే పక్కపళ్ళు జరుగుతాయని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ముబారక్‌కి మాత్రం ఒకటే ఆత్రం. ఇంటికి రాగానే ఆ పళ్ళు పెట్టుకుని క్లారినెట్టు దింపి ఊదాడు. నొప్పి లేదు. గట్టిగా కరిచి పట్టుకుంటే నిగనిగలాడుతూ పలికింది. ఎన్నాళ్ళకో తన గొంతు తనకి వినబడింది. ఖైరున్నీసా వంటింట్లోంచి వచ్చి, చూశారా, అనవసరంగా ఇన్నాళ్ళూ భయపడి చచ్చారు అంది.

ఆ సంతోషం వట్లూరు వెళ్ళేదాకానే. విశ్వాసం సా నొక్కాడు, ముబారక్ ఊదాడు, పక్కింటి కుక్క మొరిగింది. క్లారినెట్టు పైకి వెళ్ళిపోయింది. ఆర్మోనియం కింద మిగిలిపోయింది.

గొట్టం అతుకు బయటికి లాగి, సందులో, పెట్టెలో ఉంచుకున్న ఖైరున్నీసా మగ్గం నూలు చుట్టి బిగించాడు. మధ్య స్వరాలు కలిస్తే కింద స్వరాలు విడిపోయాయి, కిందవి కలిపితే పైవి విడిపోయాయి. చెమటలు పట్టేదాకా కుస్తీ పట్టి, చివరికి క్లారినెట్టు ఒళ్ళో పెట్టుకుని, నిజం చెప్పేశాడు. పన్ను కదిలిందనీ, భయపడి దాచాననీ, మీరు కలిపింది నా వాయిద్యానికి కాదు, నా పంటినొప్పికి అనీ చెప్పాడు. చలపతిరావు డోలు కర్ర కింద పెట్టేశాడు.

విశ్వాసం ఆర్మోనియం మూత తుడిచాడు.

“ముందే చెప్పొచ్చు కదండీ” అన్నాడు. “రెండు నెలలు ఆగేవాళ్ళం.”

తిట్టి ఉంటే బాగుండేది. ముబారక్ తల వంచుకున్నాడు. విశ్వాసం ఆకురాయి తీసి, ఈసారి రేకుల కొసన గీకుదాం, కొసన గీకితే స్వరం లేస్తుంది అంటూ మొదటి రేకు విప్పాడు. గీకాడు. మొదట్లో ఇదివరకే పలచబడిన పాత ఇత్తడి, చేతిలోనే టిక్కుమని విరిగింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. జేబులో వేసుకుని, రెండో రేకు మీద చెయ్యి వేశాడు. ముబారక్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

“వద్దండీ. మీ నాన్నగారి పెట్టె ఇంక పాడుచెయ్యొద్దు. నేనే దిగుతాను.”

పెట్టుడుపళ్ళు తీసి జేబురుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పై పెదవిని ఖాళీ చిగురు మీదికి మడిచి, దాని మీద క్లారినెట్టు ఆనించి ఊదాడు. మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. తర్వాత ఓ బొంగురు చప్పుడు. ఇంకాసేపటికి స్వరం పట్టుబడింది. మెత్తగా, కాస్త నీరసంగా, వచ్చి ఆర్మోనియం మీద కూచుంది. విరిగిన స్వరం ఒక్కటీ వదిలేసి మిగిలినవి కలిపారు. కలిశాయి. ఇంటికొచ్చేసరికి పెదవి లోపల చర్మం ఊడింది. ఖైరున్నీసా చూసి నెయ్యి రాసింది. పెళ్ళి దాకా రోజూ షాపు నుంచి వచ్చి, కాళ్ళు పీకుతున్నా, పెదవి మండుతున్నా, కూచుని అదే పని చేశాడు. ఒక్కోరోజు మధ్యలోనే గోడకి ఆనుకుని నిద్రపోయేవాడు.

పెళ్ళిరోజు పొద్దున పాసింజరు రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళారు ముగ్గురూ. ఆర్మోనియం సీటు మీద, మనుషులు నిలబడి. ఫంక్షన్ హాలు గేటు దగ్గర ముబారక్ కాళ్ళు అలవాటు కొద్దీ ఆగిపోయాయి. చలపతిరావు వెనక్కి తిరిగి, ఇంకా టిఫిను పొట్లం ఇవ్వలేదనా, రండి లోపలికి అన్నాడు. పెళ్ళిపీటలకి పక్కగా చాప వేశారు. మధ్యలో ఎవరూ అడ్డం లేరు. ముబారక్ కూచోగానే చూసుకున్నది అదే. పెళ్ళికూతురు కూచునే పీట అక్కడి నుంచి చక్కగా కనబడుతోంది.

వాయించారు. చలపతిరావు వేలు చూపిస్తే కీర్తన మారింది. వెంకటనరసమ్మ ముందు వరస కుర్చీలో చెవి ఇటు పెట్టి కూచుంది. జీలకర్రా బెల్లం పెట్టేవేళకి ముబారక్ పెదవి తిమ్మిరెక్కింది. నోట్లో ఉప్పగా తగిలింది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్నాడు. తాళి పళ్ళెం అందరి చేతులకీ తాకించి తెచ్చారు. పెళ్ళికొడుకు లేచాడు. పురోహితుడి చెయ్యి లేచింది.

డోలు విరుచుకుపడింది. ముబారక్ పై సా అందుకున్నాడు. అందుకున్న మరుక్షణం పెదవి జారింది, స్వరం పక్కకి ఒరిగింది. పందిట్లో ఇంకెవరికీ తెలియదు, అతనికి తెలిసింది. ఆ మంగళవేళ అపశకునం తన నోటి నుంచే రాబోతోందని భయపడ్డాడు. విశ్వాసం వైపు చూశాడు. విశ్వాసం ఎడమచెయ్యి గాలి తిత్తిని గబగబా కొడుతోంది, కుడిచేతి వేళ్ళు సా మీద బిగుసుకుని ఉన్నాయి. ముబారక్ ఆ వేళ్ళకి కళ్ళు అప్పగించేశాడు. చిగురు మీద పెదవిని ఇంకా లోపలికి మడిచి, ఉన్న ఊపిరంతా పెట్టి, ఆ వేళ్ళ కింద పలుకుతున్న స్వరం మీదికి తన స్వరాన్ని తెచ్చి ఆనించాడు. కలిసింది. వదల్లేదు. ఎంతసేపో తెలియదు. అక్షింతలు వచ్చి తల మీదా ఆర్మోనియం మీదా పడ్డాక, చలపతిరావు డోలు ఆపాక, తలెత్తి చూశాడు. పెళ్ళికూతురి మెడలో తాళి ఉంది. పెళ్ళికొడుకు తన పీట మీద కూచుని ఉన్నాడు.

భోజనాల దగ్గర వెంకటనరసమ్మ వచ్చి, బాగుంది నాయనా, మా మనవరాలు పక్కనున్న దానితో ఏదో అంటే నాకు వినబడింది అని మెచ్చుకుంది. ముబారక్ పులిహోర నమలలేక పెరుగన్నం తాగినట్టు తిన్నాడు.

సాయంత్రానికి ఇల్లు చేరాడు. క్లారినెట్టు పెట్టె గోడవారగా పెట్టి చాప మీద నడుం వాల్చాడు. ఖైరున్నీసా మంచినీళ్ళు తెచ్చి పక్కన కూచుంది. ఎన్నాళ్ళుగానో అడగని మాట అడిగింది.

“చూశారా?”

“లేదు” అన్నాడు ముబారక్. “విశ్వాసంగారి చేతులు చూస్తూ ఉండిపోయాను.”

ఆవిడ వేళాకోళమాడలేదు. ఎటు నిలబడి కట్టాడని అడగలేదు. కాసేపు అతని కాళ్ళు నొక్కి లేచి, పళ్ళు పెట్టుకోండి, అన్నం వడ్డిస్తాను అంది. అతను జేబురుమాలు విప్పి ఆ పళ్ళముక్క తీశాడు, కుళాయి కింద కడిగాడు. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, స్టీలు గ్లాసులో వేసి గూట్లో పెట్టేశాడు. డాక్టరమ్మ తిడుతుందండీ అంది ఖైరున్నీసా.

“తిట్టనీ. ఆదివారం ప్రాక్టీసుంది. ఈ పెదవికి మళ్ళీ పళ్ళు అలవాటైతే విశ్వాసంగారి పెట్టెతో కలవదు” అన్నాడు. “అన్నం మెత్తగా కలిపిపెట్టు.”

ఆవిడ పళ్ళెంలో చారు పోసి అన్నం మెదపడం మొదలుపెట్టింది.